మా తాత సగం రీలు

మా తాత లయల్ పెంగిలి పద్దెనిమిదో ఏట అలలెక్కడం, అంటే సర్ఫింగు, నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇంకా నేర్చుకుంటున్నాడు.

మా ఊళ్ళో బార్లీ చేలు నడిచి నడిచి సున్నపురాయి కొండ అంచుకొచ్చి ఆగిపోతాయి. కింద సముద్రం. ఈ ఒడ్డున అలల మీద జారే పొడుగు పలక మీద నిలబడలేని మగాడు తాత ఒక్కడేనని జనం అంటారు. అది అన్యాయం. మా పాస్టరుగారు కూడా నిలబడలేడు. కాకపోతే ఆయన ప్రయత్నించలేదు.

తాత వాళ్ళ నాన్న దృష్టిలో సముద్రమంటే పొలం అయిపోయిన చోటు. కంచె వేశాడు, వీపు తిప్పుకున్నాడు, అంతే. తాత మాత్రం ఒకరోజు తప్పిపోయిన గొర్రెల్ని వెతుక్కుంటూ అంచుదాకా వెళ్ళి కిందికి చూశాడు. ఒక అమ్మాయి అల మీద పోతోంది. జేబుల్లో చేతులు పెట్టుకుని వీధిలో నడిచేవాళ్ళకుండే తీరిక ఆ పిల్ల ఒంట్లో కనబడిందట. ఆ అమ్మాయి పోస్టాఫీసు వాళ్ళ గ్లెనిస్. తర్వాత నాకు అమ్మమ్మ అయింది. గొర్రెలు ఆ సాయంత్రం వాటంతటవే ఇంటికొచ్చాయి.

తాత వెంటనే ఒక పలక సంపాదించి నీళ్ళలో దిగాడు. ఆ ఎండాకాలమంతా మునిగాడు. చలికాలంలోనూ మునిగాడు. ఒకటో తరగతి నుంచి ఆయనకి స్నేహితుడైన మెర్వ్ హోస్కింగ్ అప్పుడే ఆయనకి 'మునిగే పెంగిలి' అని పేరు పెట్టాడు. మంచి పేరు పెడితే ఎంతకాలం నిలుస్తుందో చూడండి, అది మా అమ్మ పెళ్ళిలో కూడా వినబడింది.

ఒడ్డున ఊరికే నిలబడి అలలెక్కే ఆడపిల్లని చూస్తూ ఉండేవాణ్ణి మా ఊళ్ళో ఒక మాట అంటారు. అదే పని కెమెరా పట్టుకుని చేస్తే వేరే మాట అంటారు. తాత ఆ తేడా కనిపెట్టి, ఒక వేలంపాటలో కీ ఇచ్చి తిప్పే పాత సినిమా కెమెరా ఒకటి కొన్నాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఇటుకంత బరువు. ఆ రోజు నుంచి యాభై ఏళ్ళపాటు ఆవిడ అలలెక్కింది, ఈయన తీశాడు. పెళ్ళి మధ్యలో ఎప్పుడో అయింది.

ఆ కెమెరా సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే మా తాత చేసిన పని మీకు అర్థం కాదు. అర్థమైనా పెద్ద ఉపయోగం లేదు గానీ, వినండి. దానిలో వేసే రీలు వెడల్పులో సగమే ఒకసారికి వాడుకుంటుంది. చివరిదాకా తిరిగాక, వెలుతురు తగలకుండా మూత తెరిచి, అట్టు తిప్పినట్టు రీలు తిప్పి పెట్టాలి. అప్పుడు రెండో సగం మీద బొమ్మ పడుతుంది. తిప్పారో లేదో మర్చిపోతే గోవిందా. ఒకదాని మీద ఒకటి పడుతుంది. తాత మర్చిపోయే రకం కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రీలు తిప్పగానే కెమెరా మూత మీద దెబ్బలకి వేసుకునే చిన్న ప్లాస్టర్ ముక్క అంటిస్తాడు. ప్లాస్టర్ ఉంటే తిప్పినట్టు, లేకపోతే తిప్పనట్టు. అమ్మమ్మ ఆ కెమెరాని 'పేషెంటు' అనేది.

ఇక మా ఊరి హాలు. జూన్ నెలలో మా దేశపు రాజుగారి పుట్టినరోజు సెలవు వస్తుంది. ఆయన పుట్టింది ఆ నెలలో కాదట, మాకు పట్టింపు లేదు. ఆ శనివారం సాయంత్రం హాల్లో సినిమాలు వేసుకుంటాం. ఎవరు తీసినవి వాళ్ళు తెచ్చుకోవచ్చు. శబ్దం ఉండదు. తీసినవాళ్ళే తెర పక్కన నిలబడి కథ చెప్పాలి. దానికి రెండు నియమాలున్నాయి. తీసింది ముందుగా ఇంట్లో చూసుకోకూడదు, చూసుకుంటే అబద్ధాలు ఇస్త్రీ చేసుకుని వస్తారని. అల ఎత్తు పెంచి చెప్పకూడదు. పెంచి చెబితే జనం కాళ్ళతో చెక్క నేలని దబదబా తన్ని "కొలత!" అని అరుస్తారు. అరుపు పడిందంటే, ఆ సాయంత్రం పాస్టీలు, అంటే మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి, తిన్న పళ్ళాలన్నీ ఆ మనిషే కడగాలి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తాతే కడిగాడు. మొదటి వరసలో కూర్చుని మొదట నేల తన్నేది అమ్మమ్మే. అల తనది, ఎక్కింది తను, అయినా సరే.

"పది అడుగులుంటుంది," అనేవాడు తాత తెర పక్కన.

"కొలత! నా నడుం దగ్గరికి రాలేదు, ఇంత పచ్చి అబద్ధమా లయల్!" అనేది అమ్మమ్మ.

నేల దద్దరిల్లేది. తాత తల వంచుకుని చొక్కా చేతులు మడుచుకునేవాడు. ఆయన మొహంలో అంత తృప్తి నేను ఇంకెక్కడా చూడలేదు, గొర్రెల సంతలో తప్ప.

*

రెండేళ్ళ కిందట ఈస్టర్ సెలవుల్లో వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే కిందికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను, కుక్క గ్రేవీ కూడా. తాత ఎప్పుడూ కూర్చునే చదును బండ మీద కూర్చుని కెమెరా పెట్టుకున్నాడు. అమ్మమ్మకి డెబ్బై ఒకటి. పసుపు పచ్చ పొడుగు పలక వేసుకుని వెళ్ళి, ఒక అల ఎక్కి, వీధి చివరిదాకా నడిచొచ్చినంత మామూలుగా ఒడ్డుకొచ్చింది. తాత మొత్తం తీశాడు. రీలు అక్కడికి ఒకవైపు అయిపోయింది. కెమెరా పక్కన పెట్టి, టోపీ మొహం మీద వేసుకుని ఇసకలో పడుకున్నాడు. నేను గ్రేవీని తీసుకుని నత్తలేరుకోవడానికి అవతలి మూలకి పోయాను. తిరిగొచ్చేసరికి తాత టోపీ మీద సముద్రపు నాచు గుట్టగా ఉంది. ఆయన లేచి, నా వెనకాల అప్పుడే వచ్చిన కుక్కని తిట్టాడు. అమ్మమ్మ "పదండి, టీ తాగాలి" అంది.

మూడు వారాల తర్వాత, వంటింట్లో టీ పోస్తూనే ఆవిడ కింద పడిపోయింది. ఆసుపత్రికి చేరలేదు.

మాలో అలలెక్కే మనిషి పోతే, మిగిలినవాళ్ళు పలకలేసుకుని అలలు విరిగే చోటు దాటి వెళ్తారు. అక్కడ గుండ్రంగా కూర్చుని పూలు వదిలి, నీళ్ళు చేతుల్తో పైకి చిమ్మి, గొంతు చించుకుని కేకలేస్తారు. అమ్మమ్మకి ఊరంతా వెళ్ళింది. జీవితంలో పలక ముట్టని పాస్టరుగారు కూడా మెర్వ్ పలక తోక పట్టుకుని వెళ్ళాడు. తాత బూట్లతో మోకాళ్ళదాకా దిగాడు. అక్కడ ఆగాడు. వెనక్కొచ్చేశాడు. ఆ తర్వాత నీళ్ళ దగ్గరికి పోలేదు. కొండ అంచుకి కూడా పోలేదు. వాళ్ళ నాన్నలాగే సముద్రానికి వీపు తిప్పి కూర్చోవడం మొదలుపెట్టాడు. కుర్చీని కూడా పొలం వైపే తిప్పాడు.

దానికి తోడు ఊరు మంచిదైపోయింది. గిన్నెల నిండా కూరలు తెచ్చిపెట్టారు. గొంతులు తగ్గించి మాట్లాడారు. మెర్వ్ తాత అయితే ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "లయల్, ఎలా ఉన్నావు?" అన్నాడు. తాత వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నైనా పిలుస్తున్నాడేమోనని. యాభై ఏళ్ళలో మొదటిసారి మరి, ఆ నోట్లోంచి ఆ పేరు.

ఊరికి వారానికొకసారి వచ్చే డాక్టరమ్మ, "బయటికి వెళ్ళండి. చేతులకి ఏదో ఒక పని పెట్టుకోండి," అంది. ముసలాళ్ళంతా కలిసి చెక్కపని చేసే షెడ్డుకి పంపించింది. తాత అక్కడ ఒక పిట్టగూడు చేశాడు. గుమ్మం ముందు వేలాడదీశాడు. ఏ పిట్టా రాలేదు. తాత పిట్టల్ని తప్పు పట్టలేదు.

కెమెరా బీరువాలో ఉంది. రీలు దాన్లోనే ఉంది.

"తాతా, ఆ రీలు పంపించి కడిగించు. అమ్మమ్మ ఉంది కదా దాన్లో," అన్నాను ఒకరోజు.

"సగమే ఉందే."

"సగమైతే ఏమైంది?"

"పెంగిలీలు సగం రీలు పంపరు."

ఇది నిజమే. మా ఇంట్లో సగం డబ్బా రంగు ఉంటే, దానికి సరిపడా సగం గోడ వెతుకుతారు.

"అంటే నీ పిసినారితనం కోసం అమ్మమ్మని చీకట్లో కూర్చోబెడతావా?"

తాత పిట్టగూటి వైపు చూశాడు. "పిసినారితనం కాదే బ్రోన్. ఆవిడ ఎక్కిన ఆఖరి అల అది. దాని పక్కన ఖాళీగా వదిలేస్తే ఆవిడ ఊరుకుంటుందా? 'నేను లేకపోతే ఒక్కటంటే ఒక్కటి తియ్యలేకపోయావా లయల్' అంటుంది. పోనీ తీద్దామంటే... ఆవిణ్ణి తప్ప ఇన్నేళ్ళూ నేనేం తీశాను?"

దానికి జవాబు నాకు బళ్ళో చెప్పలేదు. పదో తరగతి మధ్యలో మానేశాను, మిగతా సగంలో చెప్పారేమో.

అప్పటికి నాకు ఒకటి అర్థమైంది. ఆయనకి అమ్మమ్మని ఆ అల మీద ఇంకొక్కసారి చూడాలని ఉంది. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. చూస్తే ఇక చూడ్డానికి ఏమీ మిగలదని భయం కూడా ఉంది. ఈ రెండింటి మధ్యా బీరువా తలుపు ఉంది.

*

తలుపు తెరిపించింది కుక్క. పోయిన ఏడాది చలికాలం చివర్లో గ్రేవీ ఒక పెలికాన్ పక్షిని తరుముతూ చేలోంచి పోయింది. కాసేపటికి పెలికాన్ గ్రేవీని తరుముతూ వెనక్కొచ్చింది. తాత వరండాలో కూర్చుని చూశాడు. ఆయన చేతులు వాటంతటవే కెమెరా ఎత్తినట్టు పైకి లేచాయి. చేతుల్లో ఏమీ లేదు. చేతుల్ని కాసేపు చూసుకుని, కిందికి దించి, లోపలికి వెళ్ళాడు.

వెనకాలే వెళ్ళి చూద్దును కదా, బీరువాలో అమ్మమ్మ కోట్ల మధ్య తలదూర్చి నిలబడి ఉన్నాడు.

"ఏడుస్తున్నావా?"

"రీలు తిప్పుతున్నానే గాడిదా. తలుపు మూయ్, వెలుతురు పడుతుంది."

మూశాను. లోపల నుంచి మాట వినబడింది. "ప్లాస్టర్ లేదు. తిప్పలేదన్నమాట. తిప్పుతున్నా." క్లిక్కుమంది. తర్వాత బయటికొచ్చి, మూత మీద కొత్త ప్లాస్టర్ అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమాడు.

అప్పటికి పెలికాన్ వెళ్ళిపోయింది. కుక్క మంచం కింద ఉంది.

రీలు ఒకవైపు తిరిగేసరికి రెండు నిమిషాల బొమ్మ వస్తుంది. ఆ రెండు నిమిషాల్నీ మా తాత నెలల తరబడి తీశాడు. ఏది పడితే అది తీయడానికి వీల్లేదు. అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టదగ్గది కావాలి. దానికోసం పొద్దున్నే లేచి బయల్దేరేవాడు. వాళ్ళ నాన్న పాతిన కంచె గుంజలు ఉప్పుగాలికి వరసగా సముద్రం వైపు ఒరిగిపోయి ఉంటే అవి తీశాడు. గ్రేవీ పరుగు తీశాడు. మెర్వ్ తాత రొయ్యల బుట్టలు అల్లుతుంటే తీశాడు. మెర్వ్ తాత కెమెరా ఉందని కడుపు లోపలికి పీల్చుకున్నాడు, తాత కీ తిరిగినంతసేపూ ఆయన్ని అలాగే ఉంచాడు. ఉప్పు మడుగు గులాబీరంగు తిరిగిన రోజున కెమెరా ఎత్తి, దించి, "ఆవిడకి ఈ రంగు నచ్చదు," అని ఇంటికొచ్చేశాడు.

ఈ తిరుగుళ్ళలో ఆయన ఏం గమనించాడో నాకు తెలియదు. నేను గమనించింది చెబుతాను. ముందు రొట్టె వరండాలో తినడం మొదలుపెట్టాడు. తర్వాత కొండ అంచున. కుర్చీ ఎప్పుడో సముద్రం వైపు తిరిగింది, ఎవరూ తిప్పినట్టు ఒప్పుకోలేదు. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. మబ్బు ఎక్కువుంది, గాలి తప్పు వైపు ఉంది, నేను అడ్డంగా నిలబడ్డాను. మా అమ్మ ఫోన్లో "నాన్న ఎలా ఉన్నాడే?" అంటే "ఈ రోజు నన్ను రెండుసార్లు తిట్టాడు" అన్నాను. అమ్మ అటుపక్క ముక్కు చీదుకుంది.

చివరికి కొంచెమే మిగిలింది. "అది సముద్రానికి," అన్నాడు తాత.

ఏప్రిల్లో ఒక పొద్దున కిందికి దిగాం, మెర్వ్ తాతతో సహా. చదును బండ మీద కూర్చుని తాత కెమెరా కంటికి పెట్టాడు. అల వచ్చింది, విరిగింది. ఆయన వేలు కదల్లేదు. ఇంకోటి వచ్చింది, మంచిది. ఊహూఁ.

"ఖాళీ అల తీయడం నాకు రాదు," అన్నాడు కెమెరా దించి. "ఎప్పుడూ తీయలేదు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి."

మెర్వ్ తాత గొంతు సవరించుకుని, ఆ రెండేళ్ళూ వాడుతున్న పాస్టరు గొంతుతో, "నీకు ఇష్టమైతే, నువ్వే ఒకసారి... తొందరేం లేదు లయల్... నీ మనసుకి ఎప్పుడు అనిపిస్తే అప్పుడు..." అన్నాడు.

"మెర్వ్ తాత చెప్పేదేంటంటే, నువ్వెళ్ళి మునుగు, నేను తీస్తా," అన్నాను.

"బ్రోన్!" అన్నాడు మెర్వ్ తాత.

తాత నన్ను చూశాడు. తర్వాత సముద్రాన్ని చూశాడు. "బండ మీంచి కదలకు. ఎడమవైపు పెట్టు. వేలు అద్దానికి అడ్డం పెడితే చంపేస్తా," అని లేచాడు.

అమ్మమ్మ పసుపు పలక మెర్వ్ తాత షెడ్డులోనే ఉంది. తెచ్చాం. రబ్బరు దుస్తులు మాత్రం తాతవే, పాతికేళ్ళ కిందటివి. పాతికేళ్ళ కిందట ఆయన పొట్ట అంత అభివృద్ధి చెందలేదు. వీపు మీద జిప్పు పైకి లాగడానికి నేనూ మెర్వ్ తాతా మోకాళ్ళు పెట్టి ప్రయత్నించాం.

"ఊపిరి వదులు."

"వదిలా."

"మొత్తం వదులు."

"మొత్తం వదిలితే చచ్చిపోతా కదే!"

ఎలాగో పట్టింది. ఆయన చేతులు పక్కకి లేచి అలాగే ఉండిపోయాయి. ఆ అవతారంలో నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళదాకా వెళ్ళాక ఆగాడు. నేను కెమెరా కంటికి పెట్టలేదు, ఊరికే చూస్తున్నాను. మెర్వ్ తాత నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, అది నా భుజమని ఆయనకి తెలియదనుకుంటాను. అప్పుడొక చిన్న అల వచ్చి తాత బొడ్డు మీద తగిలింది. "అమ్మో!" అని ఒక కేక పెట్టి పలక మీద పడ్డాడు. పడ్డాడు కాబట్టి ఈదడం మొదలుపెట్టాడు.

రీలు అయిపోయేలోపు ఆయన ఒక్క అల మీద మోకాళ్ళ దాకా లేచాడు. అంటే ఒక మోకాలు. తర్వాత ముక్కు ముందుగా దూకి కనబడకుండా పోయాడు. పలక ఒక్కటే తీరిగ్గా ఒడ్డుకొచ్చింది. దానికి దారి తెలుసు. కెమెరాలో టపటపమని చప్పుడొచ్చి ఆగింది.

"తాతా, అయిపోయింది! రీలు అయిపోయింది, వచ్చేయ్!" అని అరిచాను.

ఆయన అప్పటికే పలక అందుకుని మళ్ళీ లోపలికి తిరిగాడు. "అయితే ఏంటే?" అన్నాడు, వెనక్కి చూడకుండా.

మధ్యాహ్నం దాకా మునిగాడు. ఎవరూ తీయలేదు.

*

రీలు కడగడానికి పట్నం పంపించాం. రాజుగారి పుట్టినరోజు వారంలో డబ్బా వచ్చింది. తాత దాన్ని వెన్న పక్కన ఫ్రిజ్‌లో పెట్టాడు. రోజూ ఫ్రిజ్ తెరిచి, చూసి, మూసేవాడు. వెన్న తీసుకోవడం మర్చిపోయేవాడు. నియమం నియమమే. ముందుగా చూడకూడదు.

హాల్లో ప్రొజెక్టరు తిప్పేది జాయ్‌లీన్, రొట్టెల దుకాణం ఆవిడ. ఆ వారమంతా ఆవిడ రొట్టెలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది. "శనివారం లయల్ గ్లెనిస్ ఆఖరి అల చూపిస్తాడు. ఎవరూ కాళ్ళు చప్పుడు చేయొద్దు. ఎవడైనా 'కొలత' అన్నాడో, వాడికి ఈ జన్మలో బన్ను అమ్మను." మా ఊళ్ళో ఇంకో రొట్టెల దుకాణం లేదు.

శనివారం హాలు చర్చిలా ఉంది. పాస్టీలు కూడా చప్పుడు లేకుండా తిన్నారు. మొదటి వరసలో అమ్మమ్మ కుర్చీ ఖాళీగా వదిలారు. తాత తలకి నూనె రాసుకుని తెర పక్కన నిలబడ్డాడు. దీపాలు ఆరాయి.

మొదట సముద్రం వచ్చింది. తర్వాత దాని మీద కంచె గుంజలు వచ్చాయి.

"ఇది..." అన్నాడు తాత. ఆగాడు.

గుంజల మధ్యలోంచి, టీ గిన్నె మీద ఆవిరిలా తెల్లగా, అమ్మమ్మ పలక మోసుకుని నీళ్ళలోకి నడిచింది. గ్రేవీ ఆవిడ పిక్కల్లోంచి దూరి అటు పరిగెత్తింది. రొయ్యల బుట్టల మీద అలలు విరిగాయి. మెర్వ్ తాత పీల్చిన కడుపులోంచి అమ్మమ్మ ఈదుకుంటూ పోయింది.

తాత మొహం మీద తెర వెలుతురు కదులుతోంది.

"దీని మీదే తీశాను," అన్నాడు మెల్లగా. "ముందే ఒకసారి తిప్పి ఉన్నదాన్ని మళ్ళీ తిప్పాను. కంచె గుంజలు తీశాను ఆవిడ మీద." తెర వైపు తిరిగి, "పాడుచేశాను," అన్నాడు.

"ఆపేయమంటావా లయల్?" అంది జాయ్‌లీన్, ప్రొజెక్టరు మీట మీద చెయ్యి పెట్టి.

"వద్దు. ఆవిడ ఇంకా ఒడ్డుకి రాలేదు."

జాయ్‌లీన్ ఆపలేదు. బొమ్మలో ఇప్పుడు సముద్రం మీద సముద్రం. రెండుసార్లూ అదే బండ, అదే ఎడమవైపు. ఒక అల అమ్మమ్మది, ఒక అల ఏప్రిల్‌ది. రెండు పసుపు పలకలు. అమ్మమ్మ లేచి నిలబడింది, జేబుల్లో చేతులు పెట్టుకున్నట్టే. ఆవిడ దారిలో రబ్బరు దుస్తుల్లో ఒక ముసలాడు ఒంటి మోకాలి మీద లేచి, రెండు చేతులూ పక్కకి చాపి, నోరు తెరిచాడు. ఆవిడ తప్పుకోలేదు. వేగం తగ్గించలేదు. ఆయన ముక్కు ముందుగా నీళ్ళలో దూకేసరికి ఆవిడ సరిగ్గా ఆయన మీదుగా సాగిపోయి, ఒడ్డున దిగి, జుట్టు పిండుకుంది.

తాత కళ్ళు కూడా ఆర్పలేదు. చూడాలనుకున్నది చూశాడు. పక్కన తానుంటాడని అనుకోలేదు, అంతే.

తెర ఒక్కసారి తెల్లబడి మళ్ళీ వెలిగింది. రెండోవైపు మొదలైంది. దాని మీద గుంజలు లేవు, కుక్క లేదు. బొమ్మ శుభ్రంగా ఉంది. ఇసకలో ఒక మనిషి వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. మొహం మీద టోపీ. కెమెరా ఊగుతూ దగ్గరికి వెళ్ళింది. ఒక చెయ్యి వచ్చి టోపీ ఎత్తింది. నోరు తెరిచి ఉంది.

"ఇదెవరు?" అన్నాడు తాత.

చీకట్లోంచి మెర్వ్ తాత, "నువ్వేరా," అన్నాడు.

"నేను తీయలేదే ఇది."

"నిద్రపోతూ ఎలా తీస్తావురా మరి?"

తెర సగం గులాబీరంగుగా మారింది. అద్దానికి వేలు అడ్డం వచ్చింది. వేలు పోయింది. కెమెరా ముక్కు రంధ్రాల దాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు ఉండి, వెనక్కొచ్చింది. ఈగ ఒకటి వాలి, నోట్లోకి తొంగిచూసి, మనసు మార్చుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు, జాయ్‌లీన్ "ష్" అంది. ఇసక మీద నీడ పడింది. తడి జుట్టు, వంగిన వీపు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది ఆ నీడ. టోపీ మళ్ళీ మొహం మీద పడింది. తర్వాత ఇసక అంటిన కాలు ఒకటి బొమ్మలోకి వచ్చింది. కాలివేళ్ళ మధ్య నాచు కుచ్చు. అది జాగ్రత్తగా టోపీ మీద పెట్టింది. వెళ్ళి ఇంకొంచెం తెచ్చింది.

తెర తెల్లబడింది. దీపాలు వెలిగాయి.

"కుక్కని తిట్టాను," అన్నాడు తాత.

అందరూ ఆయన్ని చూస్తున్నారు, ఆ రెండేళ్ళ నుంచి చూస్తున్న చూపే. జాయ్‌లీన్ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంటోంది. చివర్లో అల ఎత్తు చెప్పాలి, ఆనవాయితీ. తాత ఖాళీ కుర్చీ వైపు చూశాడు. నిటారుగా నిలబడ్డాడు.

"అల ఎత్తు," అన్నాడు, "పన్నెండు అడుగులు."

ఆ అల అమ్మమ్మ తొడ దాకా రాలేదు. హాలంతా చూసింది. ఎవరూ కదల్లేదు. బన్ను లేకుండా ఎలా బతుకుతారు?

తాత ఎదురుచూశాడు. "పదిహేను కూడా ఉండొచ్చు," అన్నాడు.

పాస్టరుగారు తల దించుకున్నాడు.

"ఇప్పుడు గుర్తొస్తోంది," అన్నాడు తాత, "ఇరవైకి దగ్గరే. నేను కూడా ఆ రోజు, మొన్న ఏప్రిల్లో, నిలబడ్డాను. రెండు కాళ్ళ మీద. మీకు బొమ్మలో సరిగ్గా కనబడలేదు, అంతే."

నా పక్కనే మెర్వ్ తాత బూటు ఒకసారి నేలకి తగిలింది. పొరపాటున తగిలిందేమో అనుకున్నాను. మళ్ళీ తగిలింది. ఆయన మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి. రెండేళ్ళుగా ఆ గొంతులో కూర్చున్న పాస్టరు బయటికి దూకి పారిపోయాడు.

"కొలత!" అని గర్జించాడు. "కొలతరా, మునిగే పెంగిలీ! రెండు కాళ్ళా? నీ పుట్టుకలో ఎప్పుడైనా నిలబడ్డావురా నువ్వు?"

హాలు పేలింది. రెండేళ్ళ కాళ్ళు ఒక్కసారి చెక్క మీద పడ్డాయి. కిటికీ అద్దాలు గణగణమన్నాయి. జాయ్‌లీన్ అందరికంటే గట్టిగా తన్నింది, ఒక చెప్పు ఊడి తెర మీద పడింది. పాస్టరుగారు కుర్చీ ఎక్కాడు.

తాత తల వంచుకున్నాడు. చొక్కా చేతులు మడుచుకోవడం మొదలుపెట్టాడు. ముందు ఎడమది, తర్వాత కుడిది.

వంటగదిలో పళ్ళాలు గుట్టగా ఉన్నాయి. జాయ్‌లీన్ వెనకాలే వచ్చి, "ఈ ఒక్కసారికి నేను కడుగుతాలే లయల్," అంది.

"ముట్టుకున్నావంటే చూడు," అన్నాడు తాత.

మెర్వ్ తాత ఇంకో గుట్ట తెచ్చాడు. వాటిలో కొన్నిట్లో ఎవరూ ఏమీ తినలేదు, అరల్లోంచి తీసినవి. తాత చూశాడు, వాటినీ నురగలో ముంచాడు. నేను గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఒకటి చెప్పవే," అన్నాడు నురగలోకి చూస్తూ. "రీలు తిప్పి, నన్ను తీసి, ప్లాస్టర్ ఎందుకు అంటించలేదంటావు? నా పద్ధతి ఆవిడకి తెలుసు కదా."

"ప్లాస్టర్ డబ్బా కారులో ఉంది. కారు కొండ మీద ఉంది."

"అంతేనా?"

"లేకపోతే నీకు తెలిసిపోతుందని. హాల్లో నువ్వు మొదటిసారి చూస్తుంటే, ఎదురుగా మొదటి వరసలో కూర్చుని చూద్దామని."

తాత ఆ పళ్ళేన్ని చాలాసేపు కడిగాడు. "రేపు గాలి ఎటు?" అన్నాడు.

"ఉత్తరం అన్నారు."

"మంచిదే. కొత్త రీలు ఎక్కించు. కీ నేనిస్తా, నువ్వు తిప్పలేవు. బండ మీంచి మాత్రం కదలకు."

పళ్ళాలన్నీ అయ్యాక మెర్వ్ తాత ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా తిట్టుకుంటూ వెళ్ళారు, వీధి చివరిదాకా వినబడింది. నేనూ జాయ్‌లీనూ ఉండిపోయి పళ్ళాలన్నీ మళ్ళీ కడిగాం. తాత ఒకవైపే కడిగాడు. తిప్పలేదు.